నీటి నడుమ నేల: అండమాను యాత్రికుని క్షేమము

తెలుగునాట ఒకప్పుడు ‘ద్వీపాంతరవాసము’ అను మాట చెవిని పడినంతనే ఇంటిల్లిపాదియు కంటతడి పెట్టెడివారు. సముద్రము దాటి పోయినవానికి తిరిగిరాక లేదని పెద్దలు మనసు రాయి చేసికొనెడివారు. చెరసాల అధికారి కొరడా ఎంతటి భయము గొలిపినదో, ఆ దీవుల జ్వరము అంతటి భయమును గొలిపినది. నేడు అదే దీవులకు పాఠశాల పిల్లలు ఉపాధ్యాయుల వెంట విహారయాత్రకు పోవుచున్నారు. 1906లో పూర్తియైన సెల్యులార్ జైలు నేడు జాతీయ స్మారకము. యాత్రికులు దాని మెట్లెక్కి సముద్రశోభను తిలకించుచున్నారు. ఆ సముద్రము మారలేదు, ఆ వాన మారలేదు, ఆ దోమయు మారలేదు. మారినది ఆ దీవులనుగూర్చి మానవునకు కలిగిన ఎరుక మాత్రమే. భయము తొలగినచోట జాగ్రత్త నిలువవలెను. భయమును, జాగ్రత్తను రెంటిని ఇంటివద్దనే విడిచి బయలుదేరు యాత్రికునికి ఆ దీవులు నేటికిని ప్రమాదస్థానములే.

బంగాళాఖాతములో ఉత్తరదక్షిణములుగా బారులుతీరిన అండమాన్ నికోబార్ దీవులు రాళ్లతోను, తిప్పలతోను కలిపి లెక్కించినచో ఎనిమిది వందలకు పైబడి ఉన్నవి. మనుష్యులు నివసించునవి సుమారు ముప్పది మాత్రమే. విశాఖపట్టణమునుండి రాజధానికి సుమారు 1,200 కిలోమీటర్లు. ఆ రాజధానిని 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనెడివారు. ఆ సంవత్సరము శ్రీ విజయపురము అని పేరు మార్చినారు. అచట దిగిన తెలుగు యాత్రికునికి పరాయిదేశమునకు వచ్చినట్లు తోచదు. 2011 జనాభా లెక్కలనుబట్టి ఆ దీవులలో ఎనిమిదింట ఒక వంతునకు పైగా జనులకు తెలుగే మాతృభాష. ఉత్తరాంధ్ర తీరమునుండి వలసపోయిన జాలరి కుటుంబములు అందు అనేకము. రేవులో, అంగడిలో, చేపల బజారులో తెలుగు వినబడును. దారి తెలియని యాత్రికునికి ఇంతకంటె గొప్ప రక్ష లేదు. ఏ ఒడ్డున దిగవచ్చునో, ఏ కాలువ దరికి పోరాదో అచట పుట్టి పెరిగినవారు చెప్పినట్లు ఏ పుస్తకమును చెప్పజాలదు.

దీవి యనగా నీటి నడుమ నేల. అచట క్షేమమును, ప్రమాదమును నిర్ణయించునది నీరే. నిలిచిన నీరు, త్రాగు నీరు, ఒడ్డు నీరు, లోతు నీరు, ఉప్పొంగు నీరు అని ఆ నీటికి అనేక రూపములు కలవు. ఒక్కొక్కదాని స్వభావము ఒక్కొక్క తీరు.

నిలిచిన నీటి కథ పాతది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అను నావికాధికారి చాథమ్ దీవియందు ఆంగ్లేయుల తొలి స్థావరమును నెలకొల్పినాడు. 1792లో దానిని ఈశాన్యమున ఉన్న మరియొక రేవునకు మార్చినారు. అచట రోగములు ప్రబలినవి, మరణములు పెరిగినవి. 1796లో స్థావరమునే ఎత్తివేసి పోవలసివచ్చినది. ఫిరంగులు, నౌకలు, ధనము గల సామ్రాజ్యము ఏ శత్రువునకును లొంగక జ్వరమునకు లొంగి మరలినది. 1857 తిరుగుబాటు అణగిన పిమ్మట, 1858 మార్చి 10వ తేదీన రెండు వందలమంది ఖైదీలతో ఓడ మరల ఆ తీరమును చేరినది. ఈ పర్యాయము వెంట వచ్చిన అధికారి స్వయముగా వైద్యుడు. అయినను మరణములు ఆగలేదు. ఆ కాలపు వైద్యులకు రోగకారణము తెలియదు. చెడుగాలి వలన జ్వరము వచ్చునని వారి నమ్మకము. మలేరియా అను పేరునకే చెడుగాలి అని అర్థము. కనుకనే మంచిగాలి కొరకు కొండలు వెదకినారు. 1872 ఫిబ్రవరి 8న గవర్నరు జనరలు మేయో ప్రభువు హారియెట్ కొండ నెక్కినది రోగులకు అచట ఆరోగ్యనిలయము కట్టవచ్చునేమో చూచుటకే. కొండ దిగి వచ్చి పడవ నెక్కబోవు సమయమున షేర్ అలీ అను ఖైదీ కత్తికి ఆయన బలియైనాడు.

చెడుగాలి కథకు ముగింపు మన తెలుగుగడ్డపై మొదలైనది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోషి గాలి కాదు, దోమ అని రుజువగుటకు ఆ పరిశోధనయే పునాది. 1912లో ప్రకటితమైన క్రిస్టఫర్స్ అను శాస్త్రజ్ఞుని అధ్యయనము అండమాను చిక్కుముడిని విప్పినది. అచటి మలేరియా ముఖ్యముగా ఉప్పునీటి చిత్తడినేలల దరినున్న పల్లెలను పట్టి పీడించుచుండెను. వానికి దూరమైన పల్లెలు చాలవరకు సుఖముగా ఉండెను. సముద్రపు పాటు పోటులవలన ఉప్పుకలిసి నిలిచిన నీటిలో గ్రుడ్లుపెట్టు ఒక జాతి దోమ దీనికి మూలము. ఉప్పునీటిలో దోమ పెరుగదని తలచెడి మైదానవాసి ఇచటనే మోసపోవును. సముద్రతీరమున, మడ అడవుల చెంత, రమణీయమైన కుటీరములో బస చేసినవానికి దోమతెర అవసరము ఎక్కువేగాని తక్కువ కాదు. 2004 ఉప్పెన తరువాత కొన్నిచోట్ల నేల క్రుంగి వరిచేలలో ఉప్పునీరు నిలిచినది. ఆ దోమకు క్రొత్త నివాసములు దొరికినవి.

నేడు ఆ దీవులలో మలేరియా మునుపటికంటె బాగుగా తగ్గినది, పూర్తిగా పోలేదు. మలేరియా దోమ ప్రొద్దు గ్రుంకినది మొదలు తెల్లవారువరకు కుట్టును. సాయంకాలము కాగానే చేతులు, కాళ్లు కప్పు బట్టలు ధరించుట, దోమలను తరుము లేపనము పూసికొనుట, తెరలో నిద్రించుట ఈ మూడును విడువరానివి. డెంగీ దోమ పగలు కుట్టును గనుక పగటివేళయు ఏమరుపాటు కూడదు. యాత్ర ముగిసినంతమాత్రమున దోమకాటు కథ ముగియదు. మలేరియా జ్వరము కాటు తరువాత వారమునకు ముందు సాధారణముగా రాదు. కొన్ని వారములకు, ఒక్కొక్కప్పుడు నెలలకును రావచ్చును. ఇంటికి చేరిన పిమ్మట జ్వరము తగిలినచో, “అండమాను వెళ్లి వచ్చినాను” అని డాక్టరుకు మొట్టమొదట చెప్పవలెను. ఆ ఒక్కమాట సకాలములో రక్తపరీక్ష చేయించును. సకాలములో చేసిన పరీక్ష ప్రాణము కాపాడును. కారణము తేలని జ్వరమునకు ఆస్పిరిన్ వంటి మాత్రలు స్వయముగా మ్రింగరాదు. అది డెంగీ యైనచో రక్తస్రావమునకు దారితీయును.

నిలిచిన నీటిలో మరియొక శత్రువు దాగి ఉన్నది. 1980 తరువాతి సంవత్సరములలో వానలు వెలిసిన కాలమున ఆ దీవులలో ఒక వింతజ్వరము కనబడసాగినది. ఒళ్లునొప్పులతో మొదలై, ఊపిరితిత్తులలో రక్తము స్రవించి, రోగి దినముల వ్యవధిలో మరణించెడివాడు. దానికి అండమాను రక్తస్రావ జ్వరము అని పేరు పెట్టినారు. అది లెప్టోస్పైరోసిస్ అని, అనగా మన పల్లెలలో ఎలుకజ్వరము అని పిలుచు వ్యాధియే అని పరిశోధనలో తేలినది. ఎలుకల, పశువుల మూత్రము కలిసిన బురదనీటిలో ఆ క్రిమి జీవించును. కాలి పగుళ్లనుండి, చిన్న గాయములనుండి శరీరములో చొరబడును. వానకాలమున బురదలో వట్టికాళ్లతో నడువరాదు. గాయమున్నచో తడి తగులకుండ కట్టు కట్టుకొనవలెను. అడవిదారుల పోవలసినవారు నిరోధక ఔషధమునుగూర్చి ముందుగానే డాక్టరును అడుగుట మేలు.

ఇక త్రాగు నీరు. ఏటేట సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షము కురియు దీవిలో వేసవి వచ్చుసరికి త్రాగునీటికి కటకట! కురిసిన నీరు నిలుచుటకు పెద్ద నదులు లేవు. వాలు నేలలనుండి నీరు త్వరగా సముద్రమును చేరును. నీరు అరుదైనచోట దాని శుభ్రత సందేహాస్పదము. తెర్లునట్లు కనీసము ఒక నిమిషము కాచి చల్లార్చిన నీటినో, మూత చెడని సీసానీటినో త్రాగవలెను. లేత కొబ్బరిబోండము అన్నింటికంటె నిర్మలము. కాయను ఎదుటనే కొట్టించుకొని నేరుగా త్రాగుట మేలు. విరేచనములు పట్టుకొన్నచో ఆరోగ్యకేంద్రములలో దొరకు పొట్లమును కలిపి త్రాగవలెను. అది లేనిచో లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా పుచ్చుకొనవలెను. ఉప్పు ఎక్కువైన మేలుకు బదులు కీడు కలుగును గనుక కొలత తప్పరాదు.

సూర్యునితో కూడ లెక్క చూచుకొనవలసి ఉన్నది. మన దేశపు గడియారములు తూర్పు రేఖాంశము ఎనుబది రెండున్నర డిగ్రీలనుబట్టి నడుచును. ఆ రేఖ కాకినాడ చెంతగా పోవును. శ్రీ విజయపురము దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నది. అందుచేత సూర్యుడు అచట గడియారముకంటె సుమారు నలుబది నిమిషములు ముందు నడచును. డిసెంబరులో సాయంకాలము 5 గంటల ప్రాంతముననే సూర్యాస్తమయము. “ఇంకను ఐదే కదా” అని అడవిదారిలోనో, ఏకాంతపు ఒడ్డుననో తడవు చేసిన యాత్రికుని చీకటి చుట్టుముట్టును. చేతిలో టార్చిలైటు, మనసులో మరలు వేళ రెండును ఉండవలెను. పగటి ఎండ మరియొక శత్రువు. మేఘము కమ్మినను, నీటిలో మునిగినను ఎండ వీపును కాల్చును. నెత్తిన టోపీ, ఒంటిన పలుచని నూలుబట్ట, మధ్యాహ్నము నీడపట్టు, దాహము కాకమునుపే నీరు అనునవి చవుకైన మందులు.

ఒడ్డు నీరు చూచుటకు పసిపాపవలె అమాయకముగా ఉండును. ఆకుపచ్చగా మెరయు ఆ నీటిలో ఒక్కొక్కచోట తీరమునుండి సముద్రములోనికి వేగముగా లాగుకొనిపోవు ప్రవాహము ఉండును. అందు చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదుటకు పెనుగులాడి, అలసి మునిగిపోవును. ఆ ప్రవాహము ఇరుకైనది. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది దానిని దాటి, పిదప నేలవైపు మరలవలెను. ఈదలేనివాడు నీటిపై తేలుచు, చేయెత్తి పిలువవలెను. మడ అడవుల కాలువలలోను, అవి కలియు సముద్రతీరములందును ఉప్పునీటి మొసళ్లు సంచరించును. 2010 ఏప్రిల్‌లో హావ్‌లాక్ దీవిలో, ప్రసిద్ధమైన రాధానగర్ ఒడ్డు చేరువలో, నీటిలో ఈదుచున్న ఒక విదేశీ యాత్రికురాలు మొసలివాత పడినది. ఆ దీవి 2018 నుండి స్వరాజ్ ద్వీప్. ఒడ్డున నాటిన హెచ్చరిక పలక అలంకారమునకు పెట్టినది కాదని గ్రహింపవలెను. ప్రొద్దుగ్రుంకు వేళ, తెల్లవారుజామున, కాలువ ముఖమున నీటిలో దిగరాదు.

పగడపు దిబ్బలపై కాలు మోపుట ఆ సున్నితప్రాణికిని, కాలికిని కూడ చేటు. పగడము గీరిన గాయము త్వరగా చీము పట్టును. శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి కట్టు కట్టవలెను. ముండ్లు గల విషపు చేప గ్రుచ్చినచో కాలిని ఓర్చుకొనగల వేడినీటిలో ఉంచిన బాధ తగ్గును. వెంటనే వైద్యుని చేరవలెను. నీటిలో లోతునకు దిగి పగడములను చూచు క్రీడ చేసినవారు అదే దినమున విమానమెక్కరాదు. నీటి ఒత్తిడిలో రక్తమున కరగిన వాయువు పైకెగసినపుడు బుడగలై ప్రాణాపాయము తెచ్చును. ఒక దినము ఆగుట క్షేమము.

లోతు నీటిపై యాత్రికుని ప్రాణము పడవవాని చేతిలో ఉండునని లోకుల మాట. అందు సగమే సత్యము. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ చేరువలో ఒక విహారనౌక మునిగి ఇరువదిమందికి పైగా యాత్రికులు మరణించినారు. అనుమతించిన సంఖ్యకు మించి జనులను ఎక్కించినారని నాడు వెల్లడియైనది.   పడవలో ఎందరికి చోటున్నదో అడుగుట, లైఫ్ జాకెట్టు చేత పట్టుకొనక ఒంటికి తొడిగి ముడివేసికొనుట, గాలి బలముగా ఉన్న దినమున ప్రయాణము మానుకొనుట యాత్రికుని చేతిలోని పనులే. సముద్రము అల్లకల్లోలమైన దినములలో ఓడలు ఆగిపోవును. తిరుగు ప్రయాణమునకు ఒకటి రెండు దినముల వెసులుబాటు ఉంచుకొన్నవాడు తొందరపడి ప్రమాదములో కాలుపెట్టడు.

ఇంతవరకు దీవివలన యాత్రికునికి కలుగు అపాయములు. యాత్రికునివలన దీవికి కలిగిన అపాయము ఇంతకంటె ఘోరమైనది. ఒకనాడు వేలసంఖ్యలో ఉండిన గ్రేట్ అండమానీయులు వలసవచ్చినవారు తెచ్చిన రోగములకు ఆహుతియైనారు. 1877లో చెలరేగిన తట్టు ఒక్కటే పల్లెలకు పల్లెలను తుడిచిపెట్టినది. నేడు వారు కొద్ది పదులమంది మాత్రమే మిగిలినారు. 1999లో జారవాలకును తట్టు సోకినది. ఎన్నడెరుగని క్రిమిని ఎదిరించు శక్తి వారి శరీరములకు లేదు. మనకు జలుబు, వారికి మృత్యువు. ఆదిమ తెగల రక్షణకై 1956లో చేసిన శాసనము వారి ప్రాంతములలో ప్రవేశమును నిషేధించినది. వారిని చూచుటకై బండి ఆపుట, తినుబండారములు విసరుట, ఛాయాచిత్రములు తీయుట నేరములు. ప్రయాణమునకు ముందు టీకాలన్నియు సక్రమముగా వేయించుకొనుట తన మేలుకు మాత్రమే కాదని యాత్రికుడు తెలియవలెను.

అనాగరికులని మనము తలచిన ఆ తెగలవారికి తెలిసిన ఒక విషయము నాగరికులకు తెలియకపోయినది. 2004 డిసెంబరు 26 ఉదయము సుమారు ఆరున్నర గంటలకు సుమత్రా తీరమున మహాభూకంపము సంభవించినది. లిటిల్ అండమానులోని ఓంగేలు సముద్రము వెనుకకు పోవుట చూచి ఎత్తైన చోటికి తరలి బ్రదికినారు. ఆ నాటి ఉప్పెన హిందూమహాసముద్రపు తీరములలో రెండు లక్షలకు పైగా ప్రాణములను బలిగొన్నది. మన ఆంధ్రతీరమునను నూరుమందికి పైగా మరణించినారు. భూకంపకేంద్రమునకు అతి సమీపమున ఉన్నది ఇండొనేషియాలోని సిమ్యులూ దీవి. అచటి జనసంఖ్య డెబ్బదివేలకు పైమాట. మరణించినవారు ఏడుగురు! 1907లో ఆ దీవిని ఉప్పెన ముంచినది. నాడు బ్రదికినవారు దానికి ‘స్మోంగ్’ అని పేరుపెట్టి, కథలలో, జోలపాటలలో పిల్లలకు చెప్పుచు వచ్చినారు. భూమి గట్టిగా కంపించి, కడలి వెనుకకు పోయినచో కొండకు పరుగెత్తవలెనని ఆ పాటల సారము. దాదాపు నూరేండ్ల తరువాత తాతముత్తాతల మాట మనుమల ప్రాణములను నిలిపినది.

అదే దినమున థాయిలాండులోని ఫుకెట్ దీవిలో తలిదండ్రులతో విహరించుచున్న ఒక పదేండ్ల ఆంగ్ల బాలిక, ఒడ్డున నీరు వింతగా నురగలెత్తుట చూచినది. రెండువారముల క్రితమే బడిలో భూగోళశాస్త్రపు ఉపాధ్యాయుడు సునామీనిగూర్చి పాఠము చెప్పి ఉండెను. ఆ బాలిక గుర్తుపట్టి కేక వేసినది. ఆ ఒడ్డుననున్న సుమారు నూరుమంది సకాలములో తొలగి బ్రదికినారు.

మనకును నేడు కాపలా కలదు. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రమున 2007 అక్టోబరునుండి సునామీ హెచ్చరిక విభాగము రాత్రింబవళ్లు మేలుకొని ఉన్నది. ఎగసిపడు అలలనుగూర్చియు ఆ కేంద్రము ముందుగా తెలుపును. ఐనను భూకంపము మరీ చేరువలో పుట్టినచో అల వచ్చుటకు నిమిషములే వ్యవధి. అపుడు హెచ్చరిక కొరకు ఎదురుచూడరాదు. నిలువలేనంతగా, లేక చాలసేపు భూమి కంపించినను, కడలి హఠాత్తుగా వెనుకకు తగ్గినను, రైలు వచ్చునట్లు హోరు వినబడినను, సామానుల మాట మరచి ఎత్తైన చోటికి పోవలెను. మొదటి అల తగ్గినదని దిగిరారాదు. పిదప వచ్చు అలలు ఇంకను పెద్దవి కావచ్చును. అధికారులు చెప్పువరకు అచటనే నిలువవలెను.

విహారయాత్రకు బయలుదేరు ముందు ఉపాధ్యాయులు టిక్కెట్లు, బస, భోజనములు సరిచూచుకొందురు. వానితోపాటు ఒక్క గంట కాలము తరగతిలో పటము పరచి, ఏ నీటి స్వభావము ఎట్టిదో పిల్లలకు చెప్పవలెను. వారిచేత తిరిగి చెప్పించుకొనవలెను. దిగిన ప్రతి ఒడ్డునను ఎత్తైన దారి ఎటున్నదో పిల్లలచేతనే వెదకించవలెను. సిమ్యులూ తల్లులు జోలపాటలో చేసినదియు, ఆ ఆంగ్ల ఉపాధ్యాయుడు నల్లబల్లవద్ద చేసినదియు ఈ పనియే. చెప్పిన నాడు అది పాఠము. ఆపద వచ్చిననాడు అదియే ప్రాణము.